నా పేరున ఉన్న మైలున్నర కొండదారి

వర్జీనియా రాష్ట్రంలోని షెనండోవా నేషనల్ పార్కులో అపలాచియన్ ట్రెయిల్ అనే సుదీర్ఘ కాలిబాట 101 మైళ్ల పొడవున సాగుతుంది. అందులో దక్షిణం వైపున్న ఒక మైలున్నర కాలిబాట ఆలనాపాలనా కొన్నేళ్లుగా నా బాధ్యత. ఆ దారికి అడ్డంగా చెట్టు పడితే చూసుకోవలసింది నేను, వేసవిలో గడ్డి నడుమెత్తు పెరిగితే కోయవలసింది నేను, వాననీరు బాటను కోసుకుపోతుంటే పక్కకు మళ్లించవలసింది నేను. ఇది ఉద్యోగం కాదు, జీతమూ లేదు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని చేసే ఉద్యోగం వేరే ఉంది. ఉత్తర వర్జీనియాలో, ముఖ్యంగా ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ పరిసరాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు చాలా అక్టోబరులో ఆకుల రంగులు చూడటానికి షెనండోవాకు వెళ్తాయి. ఆ కొండల్లో నడిచి వచ్చిన మిత్రుల్లో చాలామంది, దారులు అంత శుభ్రంగా ఉండటానికి పార్కు ఉద్యోగులే కారణమనుకుంటారు. ఉద్యోగుల పాత్ర ఉంది, కాదనను. అయితే అపలాచియన్ ట్రెయిల్ నిత్య సంరక్షణ ప్రధానంగా స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీదుగానే జరుగుతుంది. ఆ పని ఎలా సాగుతుందో, ఇన్నేళ్లుగా ఎందుకు నిలిచిందో తెలుగువారికి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను కనుక కొంచెం విస్తారంగానే రాస్తున్నాను.

జార్జియాలోని స్ప్రింగర్ కొండ మీద మొదలై, 14 రాష్ట్రాలు దాటి, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం మీద ముగిసే ఈ కాలిబాట పొడవు దాదాపు 2,190 మైళ్లు, అంటే సుమారు 3,500 కిలోమీటర్లు. అందులో దాదాపు నాలుగో వంతు ఒక్క వర్జీనియాలోనే ఉంది. ఇలాంటి దారి ఒకటి ఉండాలని బెంటన్ మెకై అనే అటవీశాస్త్ర నిపుణుడు 1921లో ప్రతిపాదించాడు. నగరాల్లో పని ఒత్తిడికి నలిగిపోతున్న మనుషులు వచ్చి సేదదీరే చోటు కొండల మీద ఉండాలన్నది ఆయన ఆశ. ఆలోచన ఆయనదే అయినా, దాన్ని నేల మీదకు దించిన పట్టుదల మైరన్ ఏవరీ అనే న్యాయవాదిది. వాషింగ్టన్‌లో 1927లో ఏర్పడిన పొటోమాక్ అపలాచియన్ ట్రెయిల్ క్లబ్‌కు ఏవరీయే తొలి అధ్యక్షుడు. దూరం కొలిచే చక్రాన్ని చేత్తో తోసుకుంటూ ఈ దారిని కొలిచినవాడు, దారి పొడవునా క్లబ్బులు ఏర్పడేలా వెంటపడినవాడు, 1937లో మెయిన్‌లో చివరి ముక్క పూర్తయ్యేదాకా విశ్రమించనివాడు ఆయన. ఈ దారికి జాతీయ స్థాయిలో చట్టబద్ధమైన గుర్తింపు 1968లో వచ్చింది. అంటే చట్టం రావడానికి ముప్పై ఏళ్ల ముందే పౌరులు ముందుండి ఈ దారిని ఒక కొన నుంచి మరో కొనకు కలిపేశారు.

ఆ ఇద్దరికీ తగవు వచ్చింది షెనండోవా విషయంలోనే. కొండ వెన్ను పొడవునా స్కైలైన్ డ్రైవ్ అనే మోటారు రోడ్డు నిర్మాణం 1930లలో సాగింది. అప్పటికే క్లబ్బువాళ్లు వేసిన కాలిబాట చాలాచోట్ల ఆ రోడ్డులో కలిసిపోయింది. అడవి నడిమధ్య మోటారు రోడ్డును మెకై ససేమిరా ఒప్పుకోలేదు. రోడ్డు ఎలాగూ ఆగదు కనుక ప్రభుత్వంతో కలిసి పనిచేసి కాలిబాటను పక్కకు జరిపి దక్కించుకోవాలని ఏవరీ పట్టుబట్టాడు. 1935 నాటికి ఇద్దరూ పూర్తిగా విడిపోయారు. మెకై వాదనలోని నిజాయితీని గౌరవిస్తూనే నేను ఏవరీ వైపు మొగ్గుతాను. ఎందుకంటే ఆ రాజీ వల్లనే, ఆర్థిక మాంద్యం రోజుల్లో నిరుద్యోగ యువకులకు పని కల్పించడానికి పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ వారి చేతుల్లో కొత్త కాలిబాట తయారైంది. ఏటవాలు తక్కువగా ఉండేలా కొండ చుట్టూ తిప్పి తీసుకెళ్లారు. నేల జారే చోట సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టారు. అలాంటి గోడ ఒకటి నా ముక్కలోనూ ఉంది. సుమారు తొంభై ఏళ్ల మంచును, వరదలను తట్టుకుని ఒక్క రాయి కూడా కదలకుండా నిలబడి ఉన్న ఆ గోడను చూసినప్పుడల్లా, పేరు తెలియని ఆ పిల్లల పనితనానికి నమస్కరించాలనిపిస్తుంది.

ఇక దారిని పంచుకున్న పద్ధతి. మొత్తం అపలాచియన్ ట్రెయిల్‌ను దాదాపు 30 క్లబ్బులు పంచుకున్నాయి. మా క్లబ్బు, అంటే ఏవరీ తొలి అధ్యక్షుడిగా ఉన్న పొటోమాక్ క్లబ్బు, వంతుకు పెన్సిల్వేనియా నుంచి వర్జీనియా దాకా సుమారు 240 మైళ్లు వచ్చాయి. ఆ దూరాన్ని మళ్లీ ఒకటి రెండు మైళ్ల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను ఒక్కో మనిషికో, ఒక జంటకో అప్పగిస్తారు. ఆ మనిషిని ఓవర్సీర్ అంటారు. కొందరు ఓవర్సీర్లకు కలిపి ఒక డిస్ట్రిక్ట్ మేనేజర్ ఉంటారు, ఆయన కూడా స్వచ్ఛంద కార్యకర్తే. ఓవర్సీర్ ఏడాదికి కొన్నిసార్లు తన ముక్క మొత్తం నడిచి, చేయగలిగింది చేసి, చేయలేనిది డిస్ట్రిక్ట్ మేనేజర్‌కు తెలిపి, పనిచేసిన గంటలు రాసి పంపాలి. ఇంతే వ్యవస్థ. ఇంత సాదా వ్యవస్థ దాదాపు శతాబ్దం పాటు నిలవడానికి కారణం ఒక్కటేనని నా నమ్మకం: ప్రతి ముక్కకూ ఒక పేరు ఉంది.

పదిమందిలో పాము చావదని మన పెద్దలు అన్నది ఇలాంటి పనులను చూసే అయి ఉంటుంది. వందమంది ఒక్కరోజు వచ్చి చేసే శ్రమదానం విలువను నేను తక్కువ చేయను, పెద్ద వరద తరువాత దాని అవసరం తప్పనిసరి. కాని దారికి కావలసింది ఒకే కళ్లు మళ్లీ మళ్లీ చూడటం. పోయిన వసంతంలో ఏ రాయి కుదురుగా ఉందో, ఈ వసంతంలో అది ఎంత జారిందో తెలియాలంటే ఆ రాయిని రెండుసార్లూ చూసిన మనిషే కావాలి. ఏ ఓక్ చెట్టు కొమ్మ నిరుడే ఎండటం మొదలైందో, ఏ ఊట ఎండాకాలంలో కూడా దారి మీదకు చెమరుస్తుందో ఏ పటంలోనూ ఉండదు. అది ఆ ముక్క ఓవర్సీర్ బుర్రలో ఉంటుంది, ఆయన మానుకుంటే పక్కనే నడిచి నేర్చుకున్న తరువాతి మనిషి బుర్రలోకి చేరుతుంది. నాకు ఈ ముక్కను అప్పగించిన పెద్దాయన చాలాకాలం దాన్ని చూసుకుని, మోకాళ్లు సహకరించక వదులుకున్నారు. అప్పగించే ముందు నాతో పాటు రెండు కొసల మధ్యా నెమ్మదిగా నడుస్తూ, ప్రతి వంపు దగ్గరా ఆగి, అక్కడ నీరు ఏ పక్కకు పోతుందో చెప్పారు. ఆయన చెప్పినదంతా నీటి గురించే.

నిజానికి కొండదారికి నీటిని మించిన శత్రువు లేదు. నడిచేవారి బూట్లు నేలను అణగదొక్కుతాయి, అంతే. ఆ అణిగిన నేలను మోసుకుపోయేది నీరు. వాలుకు అడ్డంగా కోసిన కాలిబాటను మొదట్లో లోయ వైపు కొద్దిగా వంగేలా, అడుగు వెడల్పుకు అర అంగుళం పైచిలుకు పల్లం ఉండేలా చేస్తారు. పై నుంచి వచ్చిన వాన పలుచగా దారిని దాటి కిందికి జారిపోతుంది, దారికి ఏ హానీ ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ మధ్యభాగం కాళ్ల కింద నలిగి దిగబడుతుంది, లోయ వైపు అంచున మట్టి, ఆకులు, వేళ్లు పేరుకుని చిన్న గట్టు లేస్తుంది. అప్పుడు నీరు దాటలేదు. దారినే పట్టుకుని, వాలు వెంట, వేగం పుంజుకుంటూ పరుగెత్తుతుంది. రెండు మూడు గట్టి వానలు పడేసరికి మట్టి కొట్టుకుపోయి రాళ్లు, వేళ్లు బయటపడతాయి. నడిచేవారు ఆ రాళ్ల మీద నడవలేక పక్కనున్న పచ్చిక మీద నడుస్తారు, అక్కడ కొత్త గాడి మొదలవుతుంది. నాలుగడుగుల దారి పదిహేను అడుగుల పుండుగా మారడం ఇలాగే జరుగుతుంది. కొండ నిటారుగా ఉన్న దిక్కునే పట్టి వేసిన పాత దారుల్లో ఈ నష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ నీటిని పక్కకు దించడానికి పక్క అనేదే ఉండదు. అందుకే దారి ఏటవాలు, ఆ కొండ చరియ ఏటవాలులో సగానికి మించకూడదని దారులు వేసేవారు నియమం పెట్టుకున్నారు.

అంచున లేచిన గట్టును పారతో, మెక్లౌడ్ అనే వెడల్పాటి పళ్ల పనిముట్టుతో గీకి తీసేయడం ఓవర్సీర్ పనుల్లో ముఖ్యమైనది. గట్టు తీసినా ఆగనంత నీరు వచ్చే చోట వాటర్ బార్ కావాలి. ఒక లావాటి దుంగనో, వరుసగా పాతిన బండరాళ్లనో దారికి అడ్డంగా, కాని ఐమూలగా అమరుస్తారు. దుంగలో అధికభాగం నేలలోనే ఉంటుంది, పైకి కనబడేది కొద్దిగానే. నీరు వచ్చి దానికి తగిలి, దాని వెంట జారి, లోయ వైపు తవ్విన గాడిలోంచి బయటికి పోతుంది. నీటికి తిన్నగా అడ్డం పెడితే అది అక్కడే నిలిచి మట్టిని దించుకుని, నిండిన తరువాత పై నుంచి దూకుతుంది. సరైన కోణంలో పెడితే వేగం తగ్గకుండా పోతూ తన గాడిని తానే కొంతవరకు శుభ్రం చేసుకుంటుంది.

మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో జీవితమంతా వ్యవసాయం చేసినవారు. ఇక్కడికి వచ్చినప్పుడు ఒక రోజు నాతో పాటు కొండెక్కి, నేను వాటర్ బార్ వెనుక పూడిక తీస్తుంటే బండ మీద కూర్చుని చాలాసేపు చూశారు. "ఇందులో కొత్తేముందిరా, మడవ తిప్పడమేగా! మనం నీళ్లు చేలోకి తిప్పుకుంటాం, మీరు బయటికి తోలుతున్నారు, అంతే తేడా" అన్నారు. "అవును నాన్నా" అన్నాను. మరికాసేపు చూసి, "ఆ గాడి చాలదు. ఇంకో రెండడుగులు కిందికి లాగు. నోటి దగ్గరే ఆపేస్తే ఆకు అడ్డంపడి మొదటి వానకే పూడిపోద్ది" అన్నారు. క్లబ్బు శిక్షణలో మాకు చెప్పిన మాట కూడా అదే. వాటర్ బార్లు చెడిపోవడానికి ముఖ్య కారణం దుంగ కుళ్లిపోవడం కాదు, గాడి నోరు పూడిపోవడం. తీసిన పూడికను లోయలోకి విసిరేయకూడదని, వాటర్ బార్‌కు దిగువన దారి మీదే పరిచి తొక్కి గట్టిచేయాలని కూడా అదే శిక్షణలో చెప్పారు, ఎందుకంటే ఆ మట్టి ఆ దారి నుంచి పోయినదే. ఇది వింటూనే నాన్నగారు, చెరువు పూడికను తిరిగి పొలాలకే తోలడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నదేగా అన్నారు.

ఏడాది పని అంతా ఈ నీటి లెక్క ప్రకారమే నడుస్తుంది. నవంబరులో ఓక్, హికరీ, మేపుల్ ఆకులన్నీ రాలిన తరువాత వెళ్లి ప్రతి గాడినీ శుభ్రం చేయాలి, లేకపోతే తడిసిన ఆకులు అట్టకట్టి శీతకాలపు వానకు అడ్డుపడతాయి. చలికాలంలో నేలలోని తడి సన్నటి మంచు సూదులుగా పైకి లేస్తూ మట్టిని గుల్లచేస్తుంది. పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం పదేపదే జరిగి, మార్చి నాటికి దారి మీది మట్టి వదులై ఉంటుంది. సరిగ్గా అప్పుడే వసంతపు వానలు మొదలవుతాయి. అందుకే నాకు మార్చి, ఏప్రిల్ పనుల మీద ఉన్న పట్టింపు మరే నెల మీదా లేదు. ఆ రెండు నెలల్లో చేసిన గంట పని, తరువాత ఎండాకాలంలో చేసే రోజంతా పనిని తప్పిస్తుంది.

జూన్ నుంచి గడ్డి పని. ఇక్కడి దారులకు పెద్ద బెడద జపాన్ స్టిల్ట్ గ్రాస్. పింగాణీ సామాను పగలకుండా పెట్టెల్లో కుక్కిన గడ్డితో పాటు ఇది ఆసియా నుంచి వచ్చి ఉంటుందని చెబుతారు. టెనెసీ రాష్ట్రంలో 1919 ప్రాంతంలో మొదట గుర్తించారు. నీడలో కూడా ఏపుగా పెరుగుతుంది, జింకలు దీన్ని ముట్టవు, దీని విత్తనాలు బూట్ల అడుగున అంటుకుని దారి వెంటే ప్రయాణిస్తాయి, నేలలో కొన్నేళ్లు బతికి ఉంటాయి. ఇది ఏకవార్షికం కనుక, ఆగస్టు చివర్లో పూత దశలో కోస్తే ఆ ఏడాది మళ్లీ విత్తు పట్టే సమయం దానికి ఉండదు. ముందుగానే కోస్తే కుదురు నుంచి మళ్లీ చిగురించి పొట్టిగానే పూస్తుంది. నడిచేవారి సౌకర్యం కోసం జూలైలో ఒకసారి కోయక తప్పదు, గడ్డిని తగ్గించడం కోసం ఆగస్టు చివర మళ్లీ కోయాలి. ఈ రెండో కోతను చాలామంది వదిలేస్తారు. అదే అసలైన కోత అని నా అభిప్రాయం.

గడ్డి కోయడం కేవలం అందం కోసం కాదు. నల్లకాళ్ల పిడుదులు గడ్డి కొసల మీద వేచి ఉండి, తగిలిన కాలికి పట్టుకుంటాయి. వాటి ద్వారా లైమ్ వ్యాధి వస్తుంది. వర్జీనియాలో అది అరుదైన జబ్బేమీ కాదు. పొడుగు చేతుల చొక్కా, సాక్సు లోపలికి దూర్చిన ప్యాంటు, ముందే పెర్మెత్రిన్ మందు కొట్టి ఆరబెట్టిన బట్టలు లేకుండా నేను ఆ పనికి వెళ్లను. ఇంటికి రాగానే స్నానం చేసి ఒళ్లంతా వెతుక్కోవడం తప్పనిసరి. మూడేసి ఆకులుగా ఉండే పాయిజన్ ఐవీ ఆకు తగిలితే చాలామందికి వారాల తరబడి బొబ్బలు, దురద. దాన్ని కోసి మంట పెట్టడం మరీ ప్రమాదం, ఆ పొగ ఊపిరితిత్తులకు కూడా హాని చేస్తుంది.

కొమ్మల విషయంలో కొలత స్పష్టంగా ఉంది. దారి వెంట నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఖాళీగా ఉండాలి. పెద్ద మూట వీపున వేసుకుని వానలో నడిచే మనిషికి తడి కొమ్మ తగలకూడదన్నది లెక్క. కొమ్మను దారి అంచు వరకే నరికి మొద్దు వదిలేయకూడదు, కాండం దగ్గర కణుపు దెబ్బతినకుండా దానికి ఆనుకుని కోయాలి. కోసిన కొమ్మలను కనబడనంత దూరం లాక్కుపోయి, కోసిన కొసలు దారి వైపు ఉండకుండా పడేయాలి. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని అడవిలో నడవడానికి వచ్చిన మనిషికి అడవి కనబడాలి, మన రంపపు గుర్తులు కాదు.

పడిన చెట్లది వేరే విద్య. ఆసియా నుంచి వచ్చిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడి, అప్పటినుంచి ఈ దేశంలో కోట్లాది యాష్ చెట్లను చంపింది. దాని లార్వా బెరడు కింద సొరంగాలు తొలిచి చెట్టుకు నీరందకుండా చేస్తుంది. షెనండోవాలో చచ్చి నిలబడి ఉన్న యాష్ చెట్లు చాలా ఉన్నాయి, గాలివాన వస్తే అవి ఒకదాని తరువాత ఒకటి దారి మీద పడతాయి. పార్కు నేలలో దాదాపు 40 శాతాన్ని 1976లో విల్డర్‌నెస్‌గా, అంటే మనిషి జోక్యం వీలైనంత తక్కువగా ఉండవలసిన అడవిగా, ప్రకటించారు. 1964 నాటి చట్టం ప్రకారం అక్కడ మోటారు యంత్రాలు వాడరాదు, అందుచేత చెయిన్ సా అనే మోటారు రంపం కూడా నిషిద్ధం. అక్కడ పని ఇద్దరు చెరోవైపు పట్టి లాగే పొడవాటి క్రాస్‌కట్ రంపంతోనే జరగాలి. ఈ రంపం పట్టాలంటే శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గి, అనుమతిపత్రం తీసుకోవాలి.

ఆ శిక్షణలో ఎక్కువ సమయం రంపం లాగడం మీద కాదు, దుంగను చదవడం మీద గడుస్తుంది. రెండు కొసలా ఆని మధ్యలో వేలాడుతున్న దుంగకు పైభాగం నొక్కుకుని ఉంటుంది, కిందిభాగం సాగి ఉంటుంది. పై నుంచి కోస్తూ పోతే కోత మూసుకుపోయి రంపాన్ని పట్టేస్తుంది, కనుక కోత తెరిచి ఉండేలా అందులో చీలలు (వెడ్జ్‌లు) దిగేయాలి. చరియ మీద అడ్డంగా పడిన దుంగ తెగిన క్షణంలో దొర్లవచ్చు కనుక దిగువన ఎవరూ నిలబడకూడదు. వంగి బిగుసుకున్న చిన్న చెట్టు పెద్ద దుంగ కన్నా ప్రమాదకరం. ఇవన్నీ చూసుకుని, తప్పుకునే దారి ముందే ఏర్పరచుకుని, ఆ తరువాతే పళ్లు ఆనించాలి. ఇద్దరూ లాగడమే తప్ప తోయకూడదు. తన వంతు లాగిన మనిషి చేతిని వదులుగా ఉంచితే రంపం అవతలి మనిషి వైపు తేలికగా జారుతుంది. లయ కుదిరినప్పుడు పొట్టు రాలదు, బారెడు పొడవు సన్నటి చెక్క పీచులు మెలికలు తిరుగుతూ వస్తాయి. చెయిన్ సా కన్నా ఇది నెమ్మదే అయినా, ఆ చప్పుడు లేని పనిలో పక్కనున్న పిట్టల కూత వినిపిస్తూనే ఉంటుంది. విల్డర్‌నెస్ నియమాన్ని కొందరు కార్యకర్తలే అనవసరపు పట్టింపు అంటారు. నేను మాత్రం ఆ నియమం ఉండి తీరాలనుకుంటాను. మనిషి తన వేగాన్ని తగ్గించుకుని ప్రవేశించే చోటు దేశంలో కొంతైనా మిగలాలి.

దారికి దిక్కు చూపేవి చెట్ల మీది తెల్లటి గుర్తులు, రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు. ప్రధాన దారికి తెలుపు, పక్కకు చీలే దారులకు నీలం. రెండు తెల్ల గుర్తులు ఒకదాని మీద ఒకటి ఉంటే ముందు మలుపు ఉందని, జాగ్రత్తగా చూడాలని అర్థం. రంగు వేసేముందు బెరడు మీది పెళుసు పొరను మాత్రమే గీకి, లోపలి జీవపొర జోలికి పోకుండా నునుపు చేయాలి. అంచులు తిన్నగా రావాలని నేను చాలా పట్టింపుగా ఉంటాను. రంగు కారిన గుర్తు మంచులో, మసక వెలుతురులో మనిషిని తికమకపెడుతుంది.

ఈ దారుల పక్కన పని చేసేవారు మరచిపోకూడనిది ఒకటుంది. ఇది మనుషులు లేని అడవిగా మొదటినుంచీ ఉన్నది కాదు. 1935లో పార్కు ఏర్పడేటప్పుడు ఈ కొండల్లో తరతరాలుగా బతుకుతున్న దాదాపు 500 కుటుంబాలను ఖాళీ చేయించారు, చాలామందిని వారి ఇష్టానికి విరుద్ధంగా. కొద్దిమంది వృద్ధులను మాత్రం బతికినంతకాలం ఉండనిచ్చారు. అంతకుముందే, న్యూయార్క్‌లో 1904లో బయటపడిన తెగులు అమెరికా చెస్ట్‌నట్ చెట్లను తుడిచిపెట్టి, ఆ కాయలు అమ్ముకుని బతికే ఆ కుటుంబాల నడుం విరిచింది. ఇప్పటికీ పాత మొదళ్ల నుంచి చెస్ట్‌నట్ చిగుళ్లు లేస్తాయి, కొంత ఎత్తు పెరిగి తెగులు సోకి చచ్చిపోతాయి. నా ముక్కలో అలాంటి పిలకలు దారి అంచునే ఉన్నాయి, వాటి మీద కత్తెర పెట్టను. కొలత ప్రకారం కోయవలసినవే అయినా, దారినే చెయ్యెడు పక్కకు జరిపాను. కూలిన పొగగొట్టాలు, రాతి కంచెలు, కుటుంబ శ్మశానాలు, ఎవరో నాటిన యాపిల్ చెట్లు దారుల వెంట కనబడతాయి. పని కోసం రాళ్లు కావలసినప్పుడు ఆ కంచెల నుంచి ఒక్క రాయి కూడా తీయకూడదన్నది నియమం, న్యాయం కూడా.

నడవడానికి మాత్రమే వచ్చే మిత్రులకు నాది ఒక విన్నపం. దారిలో బురద ఉంటే పక్కనున్న పచ్చిక మీదుగా తప్పించుకోకండి, బురదలోంచే నడవండి. బూట్లు కడుక్కోవచ్చు, వెడల్పైన దారిని తిరిగి ఇరుకు చేయడానికి ఏళ్లు పడుతుంది. మెలికలు తిరిగే చోట అడ్డదారి పట్టి కిందికి దిగకండి, ఆ పది అడుగుల అడ్డదారే తరువాతి వానకు కాలువ అవుతుంది. పిల్లలకు ఇది చెబితే పెద్దలకన్నా బాగా పాటిస్తారు, ఎదురొచ్చినవారికి కూడా చెబుతారు.

మన ప్రాంతంలో ఇలాంటిది సాధ్యమా అని కొందరు అడుగుతుంటారు. నల్లమలలో సలేశ్వరం జాతర దారి తెలిసినవారు ఆలోచించవలసిన ప్రశ్నే. చైత్ర పౌర్ణమి సమయంలో కొద్దిరోజులే తెరిచే ఆ దారిలో వేలమంది లోయలోకి దిగి ఎక్కుతారు. ఆ తాకిడికి చరియలు ఎలా కోసుకుపోతాయో, ఎంత ప్లాస్టిక్ మిగులుతుందో వెళ్లినవారందరికీ తెలుసు. అది పులుల అభయారణ్యం కనుక ఎవరంటే వారు పారలు పట్టుకుని వెళ్లడం కుదరదు, కుదరకూడదు కూడా. కాని అక్కడి ప్రతి ఊటా, ప్రతి వంపూ తెలిసిన చెంచులు ఉన్నారు. అడవి కాపలా పనుల్లో అటవీశాఖ వారిని ఇప్పటికే నియమించుకుంటోంది. దారిని ముక్కలుగా పంచి ప్రతి ముక్కకూ ఒక పేరు పెట్టే పద్ధతి అక్కడ మొదలుపెట్టదలిస్తే, ఆ పేర్లు చెంచులవి కావాలి, ఆ పనికి జీతం ఉండాలి. నగరాల నుంచి వెళ్లే మనబోటివాళ్లం వారి చేతి కింద పనిచేయవచ్చు. నాకు జీతం వచ్చే ఉద్యోగం వేరే ఉంది కనుకనే నేను ఇక్కడ ఉచితంగా చేయగలుగుతున్నాను. ఆ వెసులుబాటు లేనివారి శ్రమను ఉచితంగా ఆశించడం తప్పు.

ఇక్కడ చేరాలనుకునేవారికి అనుభవం అవసరం లేదు. పార్కులో సొంతంగా పారపట్టి తవ్వడం మాత్రం చట్టవిరుద్ధం. ముందు క్లబ్బు ద్వారా స్వచ్ఛంద సేవకులుగా నమోదై సంతకం చేయాలి, ఆ తరువాతే పని. అలా నమోదైనవారు పనిలో గాయపడితే ఫెడరల్ ఉద్యోగులకు వర్తించే పరిహార చట్టం వారికీ వర్తిస్తుంది. మొదట ఎవరైనా ఓవర్సీర్‌తో పాటు గానీ, శని, ఆదివారాల్లో వెళ్లే పని బృందంతో గానీ వెళ్లండి. పలాస్కి అనే పనిముట్టు మొదటిసారి చేతికిస్తారు, ఒకవైపు గొడ్డలి, మరోవైపు తవ్వుకోల. 1910 నాటి మహా దావానలంలో తన మనుషులను గని సొరంగంలోకి నడిపించి, వారిలో అత్యధికులను బతికించిన ఎడ్ పలాస్కి పేరున అది ప్రసిద్ధమైంది. దాన్ని భుజాన వేసుకోకూడదు, లోయ వైపు చేతిలో వేలాడదీసి పట్టుకోవాలి, పనిచేసేటప్పుడు పక్క మనిషికి పదడుగుల దూరం ఉండాలి. చీలమండను పట్టి ఉంచే బూట్లు, తోలు చేతితొడుగులు, కళ్లద్దాలు, రెండు మూడు లీటర్ల నీళ్లు, మధ్యాహ్నానికి తిండి తెచ్చుకోండి. పులిహోర తెస్తే నలుగురికి సరిపడా తేవడం మంచిది, మా బృందంలో దానికి ఇప్పటికే గిరాకీ ఉంది. నవంబరులో ఆకులు రాలిన తరువాతి శనివారాల్లో నేను గాడులు తీయడానికి వెళ్తాను. వాటర్ బార్ల పని నేర్చుకోవాలనుకునేవారికి అంతకన్నా మంచి సమయం ఉండదు.